క్లియరెన్స్ ఫైల్లో అప్పు ఎలా కనిపిస్తుంది, వార్నింగ్ లెటర్ ఎలా కనిపిస్తుంది

అందరికీ నమస్కారం. కూర్చోండి. వెనకున్నవాళ్లకు వినిపిస్తోంది కదా?

ఇవాళ మాట్లాడుకునేది అమెరికా ప్రభుత్వం ఇచ్చే సెక్యూరిటీ క్లియరెన్స్ గురించి, అంటే ప్రభుత్వ రహస్య సమాచారం చూడటానికి ఇచ్చే అనుమతి. అందులోనూ రెండే సంగతులు: తీరని అప్పులు, ఉద్యోగంలో పడ్డ మచ్చలు. మనవాళ్లలో చాలామంది హెచ్-1బీ మీద వచ్చి, గ్రీన్‌కార్డు దాటి, సిటిజన్‌షిప్ తీసుకున్నాక వర్జీనియా, మేరీలాండ్ వైపు డిఫెన్స్ కాంట్రాక్టు ఉద్యోగాలు చూస్తారు. సిటిజన్ అయితే తప్ప క్లియరెన్స్‌కి అర్హత లేదు. అయినా మనంతట మనం అప్లై చేసుకోలేం, కంపెనీ గానీ ప్రభుత్వ సంస్థ గానీ స్పాన్సర్ చేయాలి. అలా 40 ఏళ్ల వయసులో మొదటిసారి ఎస్‌ఎఫ్-86 అనే క్లియరెన్స్ దరఖాస్తు ఫారం ముందు కూర్చుంటారు. అది గత 10 ఏళ్ల ఉద్యోగాలన్నీ అడుగుతుంది. చిక్కు అక్కడ మొదలవుతుంది.

ముందు ఒక మాట. ఉద్యోగం నుంచి తీసేయాలంటే కంపెనీ కారణం చూపాలని మనం అనుకుంటాం. క్లియరెన్స్ లెక్క వేరు. 1988లో ఈగన్ కేసులో అమెరికా సుప్రీంకోర్టు తేల్చి చెప్పింది, క్లియరెన్స్ ఎవరి హక్కూ కాదని. ఇవ్వడం దేశభద్రతకు స్పష్టంగా అనుకూలమని తేలితేనే ఇస్తారు. సందేహం మిగిలితే ఆ సందేహం మీకు వ్యతిరేకంగానే పోతుంది. అందుకే 'నేను తప్పు చేశానని వాళ్లు రుజువు చేయాలి కదా' అనే ధీమాతో వెళ్లినవాళ్లు దెబ్బతింటారు. మీరు ఒప్పుకోని ఆరోపణను ప్రభుత్వం రుజువు చేయాలి, నిజమే. కానీ అది రుజువయ్యాక, లేదా మీరే ఒప్పుకున్నాక, 'అయినా నన్ను నమ్మొచ్చు' అని ఒప్పించే భారమంతా మీదే.

ఇప్పుడు కొలిచే కర్ర ఏమిటో చూద్దాం. 2017 జూన్ 8 నుంచి అమల్లో ఉన్న సీడ్-4 అనే ఆదేశం ఉంది. దాంట్లో ఏ నుంచి ఎమ్ దాకా 13 గైడ్‌లైన్లు. అప్పులది గైడ్‌లైన్ ఎఫ్. ఉద్యోగంలో ప్రవర్తన, నిజాయితీ గైడ్‌లైన్ 'ఈ' కిందికి వస్తాయి. తిరస్కరణలకు కారణంగా అన్నిటికన్నా ఎక్కువగా కనిపించేది ఎఫ్. గూఢచారులూ విదేశీ సంబంధాలూ అని జనం భయపడతారు గానీ, ఫైళ్లు ఆగిపోయేది ఎక్కువగా క్రెడిట్ కార్డుల దగ్గరా, పన్నుల దగ్గరా.

అప్పుకీ దేశభద్రతకీ ఏం సంబంధం? సీఐఏలో పనిచేసిన ఆల్డ్రిచ్ ఏమ్స్ కథ దీనికి జవాబు. విడాకుల ఖర్చులు, అప్పులు మెడకు చుట్టుకున్న సమయంలో, 1985 ఏప్రిల్‌లో, వాషింగ్టన్‌లోని సోవియట్ ఎంబసీకి నడిచి వెళ్లాడు. మొదట ముట్టింది 50 వేల డాలర్లు. ఆ తర్వాత ఆర్లింగ్టన్‌లో 5 లక్షల 40 వేల డాలర్ల ఇల్లు నగదు పెట్టి కొన్నాడు. అతని జీతం 70 వేలు దాటలేదు. అరెస్టయింది 1994 ఫిబ్రవరిలో. గైడ్‌లైన్ ఎఫ్‌లో రెండు కొసలూ ఉండటానికి కారణం ఇలాంటి ఉదంతాలే: తీర్చలేని అప్పూ అనుమానమే, లెక్క చెప్పలేని సంపదా అనుమానమే. అలాగని అప్పున్న ప్రతివాడూ దేశద్రోహి అని ఎవరూ అనరు. వాళ్లు చూసేది రెండు విషయాలు. ఒకటి, డబ్బు ఒత్తిడికి లొంగే స్థితిలో ఉన్నాడా. రెండోది నిజానికి ఎక్కువగా వాడేది: మాటిచ్చి సంతకం పెట్టిన బాధ్యతను ఎలా చూసుకున్నాడు. రహస్య పత్రాలు దాచడం కూడా సంతకం పెట్టిన బాధ్యతే కదా.

ఇక ఫారం. ఎస్‌ఎఫ్-86లో సెక్షన్ 26 డబ్బుకి సంబంధించింది. గత 7 ఏళ్లలో దివాలా తీశారా, పన్ను రిటర్న్ వేయకుండా ఉన్నారా, కట్టకుండా ఉన్నారా, ఏదైనా అకౌంటు కలెక్షన్ ఏజెన్సీకి పోయిందా, చార్జ్-ఆఫ్ అయిందా (బ్యాంకు నష్టంగా రాసుకుందా), కిస్తీ కట్టలేదని కారు ఎత్తుకుపోయారా, లోను కట్టక ఇల్లు ఫోర్‌క్లోజ్ అయిందా, జీతం మీద గార్నిష్‌మెంట్ వచ్చిందా (బాకీ కింద జీతంలోంచి కోశారా), ఏదైనా అప్పు 120 రోజులు దాటి బకాయి పడ్డారా. ఇప్పుడు 120 రోజులు దాటి ఉందా అని విడిగా అడుగుతుంది. ఈ ప్రశ్నల్లో చాలామంది దాటేసే ముక్క ఒకటుంది: మీరు కో-సైన్ చేసినవీ, జామీను ఉన్నవీ కూడా లెక్కే. బావమరిది చదువు లోనుకు సంతకం పెట్టి మర్చిపోయారనుకోండి, అతను కట్టడం మానేస్తే ఆ బకాయి మీదే.

ఇక్కడ మనవాళ్లకే ప్రత్యేకమైన చిక్కు ఇంకోటి ఉంది. హైదరాబాద్‌లోనో విజయవాడలోనో చిట్టీ పాడుకుని ఇక్కడికి వచ్చేసి వాయిదాలు ఆపేసినా, అక్కడి బ్యాంకులో హౌసింగ్ లోను బకాయి పడినా, అది అమెరికా క్రెడిట్ రిపోర్టులో కనపడదు. కనపడదు కాబట్టి చెప్పనక్కర్లేదనుకుంటారు. ప్రశ్నలో 'అమెరికాలో' అన్న మాట ఎక్కడా లేదు. చెప్పాలి. అలాగే అక్కడి ఎన్‌ఆర్‌ఓ, ఎన్‌ఆర్‌ఈ ఖాతాలు, ఫిక్స్‌డ్ డిపాజిట్లు అన్నీ కలిపి ఏడాదిలో ఏ ఒక్కరోజైనా 10 వేల డాలర్లు దాటితే ఎఫ్‌బార్, అంటే విదేశీ ఖాతాల రిపోర్టు, దాఖలు చేయాలి. అది వేయలేదని దరఖాస్తు మధ్యలో బయటపడితే పన్నుల మీద మీ బాధ్యత గురించే ప్రశ్న వస్తుంది.

పన్నుల సంగతి విడిగా చెప్పుకోవాలి. అడ్జుడికేటర్లు, అంటే ఫైలు చూసి నిర్ణయం తీసుకునేవాళ్లు, క్రెడిట్ కార్డు బకాయి కన్నా రిటర్న్ వేయకపోవడాన్ని చాలా గట్టిగా పట్టించుకుంటారు. ప్రభుత్వ రహస్యాలు అడిగేవాడు ప్రభుత్వానికి చేయాల్సిన కనీస పని చేయలేదంటే వాళ్లకు అది పెద్ద గుర్తు. రిఫండ్ రావాల్సి ఉన్నా సరే, దాఖలు చేయకపోవడం లోపమే. 1099 మీద, అంటే జీతంలోంచి పన్ను కోయని పద్ధతిలో, కాంట్రాక్టు చేసినవాళ్లు, ఎల్‌ఎల్‌సీ అనే సొంత కంపెనీ పెట్టుకుని దాని పేరున కార్ప్-టు-కార్ప్ చేసినవాళ్లు ఎక్కువగా ఇక్కడే ఇరుక్కుంటారు. క్వార్టర్‌కి కట్టాల్సిన అంచనా పన్ను కట్టరు, ఏప్రిల్ వచ్చేసరికి చేతిలో డబ్బుండదు, భయపడి రిటర్నే వేయరు. లెక్క చూడండి: కట్టాల్సిన పన్ను మీద దాఖలు చేయనందుకు జరిమానా నెలకు 5 శాతం, 25 శాతం దాకా పెరుగుతుంది. దాఖలు చేసి కట్టకపోతే నెలకు అర శాతం. అంటే డబ్బు లేకపోయినా కాగితం పెట్టేయడమే పది రెట్లు చవక. ఆ తర్వాత 9465 ఫారంతోగానీ ఆన్‌లైన్లోగానీ ఐఆర్‌ఎస్‌తో, అంటే ఫెడరల్ పన్నుల శాఖతో, వాయిదాల ఒప్పందం చేసుకోవచ్చు. గైడ్‌లైన్ ఎఫ్‌లో దీనికి ప్రత్యేకంగా ఒక ఉపశమనం, అంటే మీకు అనుకూలంగా లెక్కించే అంశం, రాసి ఉంది: పన్ను అధికారితో ఒప్పందం చేసుకుని దాని ప్రకారం నడుస్తున్నాడా అని. ఒప్పందం నిన్న సంతకం చేసింది, ఒక్క వాయిదా కట్టలేదు అంటే బలం తక్కువ. ఎనిమిది తొమ్మిది నెలల వాయిదాల రసీదులుంటే అదే ఒప్పందానికి బరువు వస్తుంది. రాష్ట్రం పన్ను కూడా మర్చిపోవద్దు.

మిగతా అప్పులకు ఏం చేయాలి? మొదట మూడు సంస్థల రిపోర్టులూ, ఈక్విఫాక్స్, ఎక్స్‌పీరియన్, ట్రాన్స్‌యూనియన్, తెప్పించుకోండి. వారానికోసారి ఉచితంగా వస్తాయి. మూడూ ఎందుకంటే ఒకదాంట్లో ఉన్న అప్పు ఇంకోదాంట్లో ఉండకపోవచ్చు, ఇన్వెస్టిగేటర్ చేతిలో మూడూ ఉంటాయి. ప్రతి బకాయికీ ఒక వరుస రాసుకోండి: ఎవరికి, ఎంత, ఎప్పుడు మొదలైంది, ఎందుకు, ఇప్పుడు ఎవరి దగ్గరుంది. 'ఇప్పుడు ఎవరి దగ్గరుంది' అనేది చిన్న మాట కాదు. బ్యాంకు మీ అప్పును కలెక్షన్ కంపెనీకి అమ్మేసి ఉంటే బ్యాంకుకు ఫోన్ చేసి 'నా పేరు మీద బకాయి లేదన్నారు' అని చెప్పుకుంటే చెల్లదు.

చార్జ్-ఆఫ్ అంటే అప్పు పోయిందని చాలామంది పొరపడతారు. బ్యాంకు తన లెక్కల్లో దాన్ని నష్టంగా రాసుకుంది, అంతే. మీరు ఇంకా బాకీయే. ఏడేళ్లు దాటి క్రెడిట్ రిపోర్టులోంచి రాలిపోయినా, రాష్ట్ర చట్టంలో గడువు దాటి కోర్టులో దావా వేయలేని స్థితికి వచ్చినా, డోహా, అంటే డిఫెన్స్ ఆఫీస్ ఆఫ్ హియరింగ్స్ అండ్ అప్పీల్స్, దాన్ని 'తీర్చాడు' అని లెక్కించదు. గడువు దాటేదాకా కూర్చోవడం మంచి ప్రయత్నం కిందికి రాదని అక్కడి అప్పీల్ బోర్డు చాలాసార్లు చెప్పింది. బ్యాంకు అప్పు మాఫీ చేసి ఆ సంగతి తెలిపే 1099-సీ ఫారం పంపిస్తే, ఆ మాఫీ మొత్తాన్ని ఆ ఏడాది ఆదాయంగా రిటర్న్‌లో చూపారా లేదా అని అడుగుతారు. చూపకపోతే ఒక అప్పు సమస్య పోయి ఒక పన్ను సమస్య వచ్చిపడుతుంది.

అన్ని అప్పులూ ఒకేసారి తీర్చాలని ఎక్కడా లేదు. నమ్మదగిన ప్రణాళిక ఉండాలి, దాన్ని అమల్లో పెట్టిన ఆధారం ఉండాలి. ఉదాహరణకి ఒకరికి ఆరు బకాయిలు, మొత్తం 38 వేల డాలర్లు అనుకుందాం. చిన్నది 900 డాలర్లు. దాన్ని ముందు తీర్చి, 'పెయిడ్ ఇన్ ఫుల్' లెటర్ తీసుకుని, ఆ నెలవారీ డబ్బుని రెండోదానికి కలిపి, నాలుగు తీరి రెండు వాయిదాల్లో ఉన్నాయంటే ఆ ఫైలు నిలబడే అవకాశం బాగా ఉంటుంది. 'ఉద్యోగం రాగానే కట్టేస్తాను' అన్న ఒక్క వాక్యం మాత్రం నిలబడదు. రేపటి మాట నిన్నటి రసీదుకి సాటిరాదు.

కారణం కూడా ముఖ్యమే. ఉద్యోగం పోవడం, ఇంట్లో జబ్బు, విడాకులు, గుర్తింపు దొంగతనం, ఇవన్నీ చేతిలో లేని పరిస్థితులని గైడ్‌లైన్ ఒప్పుకుంటుంది. కానీ దానికి రెండో సగం ఉంది: ఆ పరిస్థితిలో బాధ్యతగా నడుచుకున్నాడా. 2020లో ఉద్యోగం పోయింది, 2021లో మళ్లీ వచ్చింది, మరి 2024 దాకా అప్పిచ్చినవాళ్లకు ఒక్క ఫోన్ కూడా ఎందుకు చేయలేదు? జడ్జి అడిగే ప్రశ్న ఇదే. అప్పటి లేఖలు, ఈమెయిళ్లు, ఫోన్ చేసిన తేదీలు దాచుకున్నవాళ్లు ఇక్కడ గట్టెక్కుతారు.

డెట్ సెటిల్‌మెంట్ కంపెనీల గురించి ఒక హెచ్చరిక. 'మీరు కట్టడం ఆపండి, మేం మాట్లాడతాం' అంటారు. ఆపితే అకౌంట్లన్నీ చార్జ్-ఆఫ్ అవుతాయి, దావాలు పడతాయి. గైడ్‌లైన్ మెచ్చుకునేది లాభాపేక్ష లేని క్రెడిట్ కౌన్సెలింగ్‌ని. దివాలా చట్టబద్ధమైన దారే, దాంతోనే క్లియరెన్స్ పోదు. చాప్టర్ 13 అనే వాయిదాల దివాలాలో మూడు నుంచి ఐదేళ్లు ట్రస్టీకి కట్టిన లెడ్జరే మంచి సాక్ష్యం. అప్పులు రద్దయ్యే చాప్టర్ 7 అయితే ఆసుపత్రి బిల్లుల వల్ల తీశారా, కార్డుల మీద విహారయాత్రల వల్ల తీశారా అన్నది తేడా చేస్తుంది.

ఇప్పుడు ఉద్యోగం వైపు వద్దాం. సెక్షన్ 13 గత 7 ఏళ్లకు సంబంధించి నాలుగు రకాల నిష్క్రమణలు అడుగుతుంది: తీసేశారా, తీసేస్తామని చెప్పాక మీరే రాజీనామా చేశారా, దుష్ప్రవర్తన ఆరోపణల తర్వాత పరస్పర అంగీకారంతో వెళ్లారా, పనితీరు బాలేదన్న నోటీసు తర్వాత అలాగే వెళ్లారా. దాంతోపాటు రాతపూర్వక వార్నింగ్, సస్పెన్షన్, క్రమశిక్షణ చర్య ఏదైనా వచ్చిందా అనీ అడుగుతుంది. మాటతో మందలించినదీ కాగితం మీద వచ్చినదీ ఒకటి కాదు, ప్రశ్న జాగ్రత్తగా చదవాలి.

ఏవి నిజంగా బరువైనవి? నా ఉద్దేశంలో మొదటిది టైమ్‌షీట్. ప్రభుత్వ కాంట్రాక్టులో చేయని గంటలు వేయడం, ఒకే వేళలో రెండు ఫుల్‌టైమ్ ఉద్యోగాలు చేసి రెండింటికీ బిల్లు చేయడం, ఇంటి నుంచి పనిచేస్తున్నానని చెప్పి ఎనిమిది గంటలు రాసి నాలుగే చేయడం. గైడ్‌లైన్ ఈలో యజమాని సమయం, వనరుల దుర్వినియోగం అని పేరు పెట్టి మరీ ఉంది. ఇక్కడ బిల్లు కట్టేది ప్రభుత్వమే కాబట్టి చిన్న మొత్తమైనా పెద్ద మోసంగా చూస్తారు. ఐటీవాళ్లు తేలిగ్గా తీసుకునేవి ఇంకా ఉన్నాయి: కంపెనీ ఫైళ్లు సొంత మెయిల్‌కి పంపుకోవడం, సొంత పెన్‌డ్రైవ్ పెట్టడం, పాస్‌వర్డ్ పక్కవాడికి ఇవ్వడం. ఇవి కంప్యూటర్ల వాడకం చూసే గైడ్‌లైన్ ఎమ్ కిందికి కూడా పోతాయి, రహస్య సమాచారమైతే గైడ్‌లైన్ 'కే' కిందికి. సహోద్యోగితో ఒకసారి వాదన జరిగి వార్నింగ్ రావడం, ఆ తర్వాత నాలుగేళ్లు మచ్చ లేకపోవడం, దీన్ని ఎవరూ కొండంత చేయరు. ఒకేలాంటి సంఘటనలు మూడు కంపెనీల్లో కనిపిస్తే అప్పుడు దాన్ని అలవాటుగా చదువుతారు.

మనవాళ్ల విషయంలో ఇంకో మాట గట్టిగా చెప్పాలి. కన్సల్టెన్సీలు పెట్టిన దొంగ అనుభవం. రెజ్యూమెలో 'క్లయింటు దగ్గర మూడేళ్లు' అని ఉంటుంది, నిజంగా ఆ కాలంలో ఏడు నెలలు ప్రాజెక్టు లేక బెంచ్ మీద ఉంటారు. ఎస్‌ఎఫ్-86లో ఉన్నదున్నట్టు రాస్తే రెజ్యూమెతో పొసగదు, రెజ్యూమె ప్రకారం రాస్తే అబద్ధం. రెండోది ఎన్నడూ చేయొద్దు. ఫారంలో కావాలని అబద్ధం రాస్తే ఫెడరల్ నేరం, ఐదేళ్ల దాకా జైలు. పైగా ఇన్వెస్టిగేటర్ ఆ క్లయింటునీ అడుగుతాడు, మీ పేరోల్ నడిపిన కంపెనీనీ అడుగుతాడు, 'మళ్లీ తీసుకుంటారా' అనీ అడుగుతాడు. పాత రెజ్యూమె తప్పు అని ఒప్పుకోవడం ఇబ్బందే, కానీ అది తట్టుకోగల ఇబ్బంది.

ఈ ఇంటర్వ్యూ ఎలా నడుస్తుందో చెబుతాను, ఎందుకంటే చాలా కేసులు ఇక్కడే తేలిపోతాయి. ఇన్వెస్టిగేటర్ మొదట మామూలుగా అడుగుతాడు: బకాయిలేమైనా ఉన్నాయా? ఉద్యోగం నుంచి ఎప్పుడైనా తీసేశారా? మీ జవాబు రాసుకుంటాడు. ఆ తర్వాతే చేతిలో ఉన్న కాగితం తీసి ఒక్కొక్కటీ చూపిస్తాడు. ఫారంలో మర్చిపోయిందేదైనా ఉంటే కాగితం బయటికి రాకముందు మీరే చెబితే, సరిదిద్దుకునే ప్రయత్నం చేశాడని గైడ్‌లైన్ ఈలో ఉపశమనం దొరుకుతుంది. కాగితం చూపించాక 'అవునండీ, గుర్తొచ్చింది' అంటే దొరకదు. 4 వేల డాలర్ల అప్పుతో క్లియరెన్స్ పోయేది కాదు, ఆ అప్పు దాచినందుకు పోతుంది. ఇది పదేపదే జరుగుతూనే ఉంది, చాలా బాధగా ఉంటుంది.

క్లియరెన్స్ వచ్చాక కూడా నిశ్చింత లేదు. ఇదివరకు పై స్థాయి అయిన టాప్ సీక్రెట్‌కి ఐదేళ్లకోసారి, దాని కింది స్థాయి సీక్రెట్‌కి పదేళ్లకోసారి మళ్లీ విచారణ జరిగేది. ఇప్పుడున్నది కంటిన్యూయస్ వెట్టింగ్, అంటే నిరంతర తనిఖీ: క్రెడిట్, నేర రికార్డులు ఎప్పటికప్పుడు యంత్రమే చూస్తుంది. దివాలా తీసినా, ఏ అప్పైనా 120 రోజులు దాటినా మీరే ఎఫ్‌ఎస్‌ఓకి, అంటే కంపెనీ సెక్యూరిటీ ఆఫీసర్‌కి, చెప్పాలి. టాప్ సీక్రెట్ వాళ్లయితే వారసత్వంగానో బహుమతిగానో ఒక్కసారిగా 10 వేల డాలర్లు, ఆ పైన వచ్చినా చెప్పాలి. నాన్నగారి పొలం అమ్మిన డబ్బు వచ్చిందంటే అది మంచి వార్తే, కాగితంతో సహా చెప్పండి.

చివరికి ఎస్‌ఓఆర్ వచ్చిందనుకోండి, అంటే క్లియరెన్స్ ఎందుకు ఇవ్వకూడదనుకుంటున్నారో చెప్పే కారణాల పత్రం. కాంట్రాక్టు ఉద్యోగులు దానికి జవాబివ్వడానికి అందిన నాటి నుంచి 20 రోజులు. 1.ఎ, 1.బి అని ఒక్కో ఆరోపణకీ ఒప్పుకుంటున్నానా లేదా అని విడివిడిగా రాయాలి, ప్రమాణం చేసి సంతకం పెట్టాలి, హియరింగ్ కావాలా లేక కాగితాల మీదే నిర్ణయం కావాలా చెప్పాలి. తొందరలో అన్నిటికీ 'ఒప్పుకుంటున్నా' అని రాసేసేవాళ్లున్నారు. ఒప్పుకున్నదాన్ని ప్రభుత్వం రుజువు చేయనక్కర్లేదు, గుర్తుంచుకోండి. కాగితాల మీదే కావాలంటే ప్రభుత్వం తన ఆధారాల కట్ట పంపుతుంది, మీ పత్రాలు పెట్టడానికి 30 రోజులు. డబ్బు కేసుల్లో నేను హియరింగ్‌నే మేలంటాను, మనిషిని చూసి మాట విని నమ్మే అవకాశం జడ్జికి అక్కడే ఉంటుంది. ఓడితే అప్పీల్ నోటీసు 15 రోజుల్లో వేయాలి. అప్పీల్ బోర్డు కొత్త సాక్ష్యం తీసుకోదు కాబట్టి రసీదులన్నీ జడ్జి ముందే పెట్టేయాలి. తిరస్కరణ ఖాయమైతే మళ్లీ అడగడానికి ఏడాది ఆగాలి.

ప్రశ్నలు తీసుకుందాం.

ప్రశ్న: పాత కంపెనీ వాళ్లు 'మంచిగానే వెళ్లాడని చెబుతాం' అని సెటిల్‌మెంట్‌లో రాసిచ్చారు. అయినా చెప్పాలా?

చెప్పాలండీ. ఆ ఒప్పందం మీకూ కంపెనీకీ మధ్య. ఎస్‌ఎఫ్-86 ప్రశ్న మీకూ ప్రభుత్వానికీ మధ్య. అప్పుడు మీకు క్లియరెన్స్ ఉండి ఉంటే ఆ కంపెనీ ఎఫ్‌ఎస్‌ఓ ఇప్పటికే రిపోర్టు పంపి ఉండొచ్చు కూడా, అలా పంపడం వాళ్ల మీద నిబంధన. మీ వైపు కథను రెండు మూడు వాక్యాల్లో, ఎవరినీ తిట్టకుండా రాయండి.

ప్రశ్న: మా ఆవిడ వ్యాపారం అప్పులు నా మీదకి వస్తాయా?

మీరు సంతకం పెట్టి ఉంటే వస్తాయి. పెట్టకపోయినా జాయింట్ పన్ను రిటర్న్ వేస్తే ఆ పన్ను బకాయికి ఇద్దరూ బాధ్యులే.

ప్రశ్న: పోయిన నెల ఫారం సబ్మిట్ చేశానండీ. ఒక కలెక్షన్ అకౌంటు రాయలేదని ఇవాళ మీరు చెబుతుంటే తెలిసింది.

అయితే రేపు ఉదయమే ఎఫ్‌ఎస్‌ఓకి ఈమెయిల్ పెట్టండి. ఏ అకౌంటు, ఎంత, ఎందుకు వదిలేశారు, సరిదిద్దాలనుకుంటున్నాను అని. తేదీతో కాపీ దాచుకోండి. ఇన్వెస్టిగేటర్ ఇంటర్వ్యూకి వచ్చినప్పుడు, ఆయన మొదటి ప్రశ్న అడగకముందే, 'ఫారంలో ఒక సవరణ ఉంది' అని మీరే మొదలుపెట్టండి.